పన్నెండు నిమిషాల నీళ్ళు

ప్రశ్నలమ్మాయి మొదటిసారి వస్తోందని తెలిసిన రోజు నీళ్ళాయన గోడకున్న ప్రశంసాపత్రాన్ని కిందికి దించాడు. అద్దం తుడిచాడు. ఎదురు కుర్చీలో కూర్చున్న మనిషికి సరిగ్గా కళ్ళ ముందు పడేట్టు జానెడు పక్కకి కొత్త మేకు కొట్టి మళ్ళీ తగిలించాడు.

“ఇప్పుడా మేకులు కొట్టేది? గోడంతా పెచ్చులూడుతోంది,” అంది భార్య, చీపురు పట్టుకుని.

“ఊడితే ఊడనీ. చూడాల్సినవాళ్ళు చూడొద్దూ?”

చూడాల్సినంత ఘనత ఉందనే ఆయన నమ్మకం, అందులో అబద్ధమూ లేదు. నీళ్ళ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళ నౌకరీ. ట్యాంకు కింద మూడు లైన్లకి వాల్వులు తిప్పే ఇనప తాళం ఆయన చేతిలోనే అరిగింది. వరదొచ్చిన ఏడు మొలలోతు బురదలో దిగి, పగిలిన పైపుని పదిహేడు గంటల్లో అతికించింది ఆయనే. ఇనప తాళం మొన భూమికి ఆనించి, రెండో కొస చెవికి ఆనించుకుని, ఎక్కడ లీకవుతోందో అడుగు తేడా లేకుండా చెప్పగలిగినవాడు ఆ ఆఫీసులో మరొకడు పుట్టలేదు. పల్లెటూరి బళ్ళో ఎనిమిదో తరగతి దాకానే చదివినా ఇరవయ్యో ఎక్కం దాకా ఇప్పటికీ తడుముకోడు. ఇక దస్తూరీ సంగతి సరేసరి. వాల్వు ఎప్పుడు విప్పిందీ ఎప్పుడు కట్టిందీ రాసే ఆయన రిజిస్టరుని తనిఖీకొచ్చిన పెద్దాఫీసరు రెండుసార్లు తిరగేసి, “ఇది చేతిరాతా, అచ్చా?” అన్నాడు. ఈ సంగతులన్నీ ఆయన నోటి నుంచి వినని మనిషి ఆ పేటలో లేడు. రెండోసారి వినని మనిషీ లేడు.

అన్నిటికీ పైన, ఈల.

ఆయన విప్పే మొదటి లైను పొడుగు సందుది. డెబ్బై ఇళ్ళు. మొదట పల్లం, పోయేకొద్దీ మెరక. చివరి పంతొమ్మిది ఇళ్ళూ మెరక మీదే ఉన్నాయి. అన్నిటికన్నా చివర, గోడకి ఆనుకుని ఉన్న రెండు గదుల ఇల్లు ఆయన చెల్లెలిది. ఒకప్పుడు నీళ్ళు ఏ వేళకి వస్తాయో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని పల్లంలో ప్రతి ఇంటివాళ్ళూ కుళాయి తిప్పేసి, కింద బకెట్ పెట్టి, వాళ్ళ పనుల్లోకి పోయేవాళ్ళు. నీళ్ళు వచ్చి, బకెట్ నిండి, పొర్లి, కాలవలో కలిసేవి. మెరక మీదికి మాత్రం చుక్క ఎక్కేది కాదు. ఆరేళ్ళపాటు చెల్లెలు పల్లంలోకి దిగి, ఎవరో ఒకరి గుమ్మం ముందు బతిమాలి, చంకన బిందె పెట్టుకుని ఎక్కింది. ఆ బిందెలతో దాని నడుం పడిపోయింది.

నాలుగేళ్ళ కిందట నీళ్ళాయన ఒక ఈల కొన్నాడు. ఆటల మాస్టార్లు మెళ్ళో వేసుకునే రకం. పొద్దున సరిగ్గా ఆరింటికి వాల్వు విప్పి ఒక పొడుగు ఈల. అరగంట పోయాక రెండు పొట్టి ఈలలు, అంటే పట్టుకున్నది చాలు, కట్టెయ్యండని. నెల తిరిగేసరికి కుళాయిలు వదిలేసి పోవడం మానేశారు. మెరక మీదికి నీళ్ళెక్కాయి. ట్యాంకులో మిగులు కనబడింది. ఆఫీసువాళ్ళు వచ్చి ఫోటో తీశారు, ప్రశంసాపత్రం ఇచ్చారు, నలభై ఈలలు కొని నలభై వీధుల వాల్వుమనుషులకి పంచారు. పంచేరోజు నీళ్ళాయన గంటన్నరసేపు ఉపన్యాసమిచ్చాడు.

ఇప్పుడు లెక్క తేలింది. నలభైలో ఐదు వీధులు బాగుపడ్డాయి. ఇరవైఆరింటిలో ఏ మార్పూ లేదు. తొమ్మిదింటిలో మునుపటికన్నా ఎక్కువ నీళ్ళు వృథా అయ్యాయి. అందుకే ఈ తనిఖీ, ప్రశ్నలడగడానికి ఆఫీసువాళ్ళు బయటినుంచి పిలిపించిన ఈ అమ్మాయీ. పథకం పనికిరాదని తేలితే ఈలలతోపాటు వేళ కూడా తీసేస్తారట. ట్యాంకు నిండినప్పుడల్లా ఎక్కడో గదిలో కూర్చుని మీట నొక్కి నీళ్ళు వదిలేస్తారట. అదే జరిగితే పంతొమ్మిది ఇళ్ళ సంగతి మళ్ళీ మొదటికొస్తుంది. చెల్లెలికి ఇప్పుడు యాభైఆరు. ఆ నడుముతో ఇంకొక్క బిందె మొయ్యలేదు.

ప్రశ్నలమ్మాయి వచ్చింది. పాతికేళ్ళు దాటి ఉంటాయేమో. చెప్పులనిండా దుమ్ము, చేతిలో మూడు గడులు గీసిన నోటుబుక్కు. కుర్చీ చూపిస్తే, “గాలి తగులుతోంది, ఇక్కడ బాగుంది బాబాయిగారూ,” అని గుమ్మంలో చతికిలబడింది. ప్రశంసాపత్రానికి వీపు పెట్టి మరీ.

నీళ్ళాయనకి అక్కడే ప్రాణం ఉసూరుమంది.

“ఈల ఊదితే నీళ్ళు వృథా కావడం ఎందుకు తగ్గింది బాబాయిగారూ?”

“ఎందుకేమిటమ్మా? ఊదాను, తగ్గింది.”

“మీరు ఊదితే వాళ్ళేం చేశారు?”

“కుళాయిలు కట్టేశారు.”

“ఎందుకు కట్టేశారు?”

“ఈల ఊదాను కదా!”

“వెనకబజారులో బక్కాయన కూడా ఊదాడు. అక్కడ ఎవరూ కట్టలేదు.”

“వాడికి ఊపిరేదీ? మనిషే గాలికి కొట్టుకుపోయేలా ఉంటాడు. వాడు ఊదితే ఈల వినబడుతుందా?”

ఆ అమ్మాయి నవ్వి, ఆ మాట కూడా రాసుకుంది. ఆయన వరద సంగతి మొదలుపెట్టాడు. కాసేపు వింది, పెన్ను కదల్లేదు. చెవితో లీకు పట్టుకునే విద్య చెప్పాడు. అప్పుడూ కదల్లేదు. దస్తూరీ మాట ఎత్తబోతే మెల్లిగా అడ్డొచ్చింది.

“సందులో మొట్టమొదట ఎవరింట్లో కట్టడం మొదలెట్టారు? ఎవరింట్లో ఎన్నాళ్ళదాకా కట్టలేదు?”

“అవన్నీ ఎవరికి గుర్తమ్మా! పథకం పనిచేసింది. అది రాసుకో.”

“పథకం పనిచెయ్యదు బాబాయిగారూ. పథకాన్ని చూసి మనుషులు ఏదో అనుకుంటారు, అనుకున్నదాన్నిబట్టి ఏదో చేస్తారు. ఎవరు, ఎలాంటి చోట, ఏమనుకుని చేశారు? అవే నా మూడు గడులు.”

ఆమె వెళ్ళేసరికి మొదటి గడిలో నాలుగు మాటలున్నాయి. తక్కిన రెండూ ఖాళీ.

“ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం చెబుతుంటే గడులట గడులు! అది పుట్టకముందు నుంచీ నేను వాల్వులు తిప్పుతున్నాను,” అని ఆయన గిన్నెలు దద్దరిల్లేలా అరిచాడు.

“మీరు చెప్పింది అనుభవం కాదు, మీ గొప్ప. ఆ పిల్ల అడిగింది వేరు,” అంది భార్య, తలెత్తకుండానే.

రెండోసారి ఆ అమ్మాయి ఆయన్ని వెనకబజారుకి రమ్మంది. “మీరే చూసి చెప్పండి బాబాయిగారూ, ఈల సరిగ్గా ఊదుతున్నాడో లేదో.” దాంతో పౌరుషం పొడుచుకొచ్చి, తన లైను కట్టేసిన వెంటనే బయల్దేరాడు.

వెనకబజారు ఇరుకు. అన్నీ మూడంతస్తుల మేడలే. ప్రతి గుమ్మం పక్కనా గొళ్ళెం వేసిన పెట్టెలో ఒక మోటారు. బక్కాయన ఎనిమిదింటికి వాల్వు విప్పుతాడని అన్నారు. ఎనిమిదిన్నరయింది. తొమ్మిదయింది. తొమ్మిదీ పదికి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. పైలైను వదిలితేగాని ఆయనకి నీళ్ళుండవు. పైలైనువాడు ఎప్పుడు వదిలితే అప్పుడే. ఇతను ఉండేదేమో రెండు బస్సులు మారాల్సినంత దూరంలో.

వాల్వు విప్పాడు. ఈల ఊదాడు. నీళ్ళాయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆ బక్కప్రాణంలో అంత గాలి ఎక్కడుందో గాని, ఈల వీధి చివరిదాకా ఖణేల్మంది. అదే ఈల, అదే తాడు, తను నేర్పిన అదే వరస.

మరుక్షణం మేడల మీద తలుపులు దభీదభీమన్నాయి. “వచ్చాయి! వచ్చాయి! మోటారెయ్యండి!” ఒకరి వెనక ఒకరు మెట్లు దూకారు. వీధంతా మోటార్ల హోరు. రెండో ఈలకి ఒక్క మోటారూ ఆగలేదు, సరిగదా ఆగి ఉన్నవి కూడా మొదలయ్యాయి. పైన ట్యాంకులు నిండి మేడల చూరుల నుంచి నీళ్ళు ధారకట్టాయి. వీధి చివర ముసలామె ఒకతి ఎండిన కుళాయి కింద తప్పేలా బోర్లించి దానిమీదే కూర్చుంది.

“ఏమ్మా, నీకు రాలేదా?” అన్నాడు నీళ్ళాయన.

“మాకా? మేమెప్పుడో నీళ్ళొదులుకున్నాం నాయనా. మీరే వదలాలి గాని.”

“ఈల ఊదాడు కదా, ముందువాళ్ళు కట్టెయ్యొద్దూ?”

“ఆ ఈల వచ్చాకే మరీ చావొచ్చింది. ఇదివరకు నీళ్ళొచ్చిన సంగతి సగంమందికి తెలిసేది కాదు, ఓ చెంబెడైనా నా దాకా వచ్చేవి. ఇప్పుడు ఊది మరీ లేపుతున్నాడు!”

బక్కాయన మొహం చిన్నబుచ్చుకుని నిలబడ్డాడు. “మీరు చెప్పినట్టే ఊదాను పెద్దాయనా. ఒక పొడుగు, రెండు పొట్టి. ఏం తప్పు చేశానో మీరే చెప్పండి.”

నీళ్ళాయన ఆ ఈల అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బక్కాయన ఏం తప్పూ చెయ్యలేదు. తన సందులో ఈల వింటే ‘వచ్చాయిలే, వేళయ్యేదాకా ఉంటాయిలే’ అనుకుంటున్నారు. ఇక్కడ అదే ఈల వింటే ‘పరిగెత్తు, ఎప్పుడు పోతాయో’ అనుకుంటున్నారు. ఆ అమ్మాయి గోడకి ఆనుకుని మూడు గడుల్లోనూ గబగబా రాసుకుంటోంది. గంటన్నర ఉపన్యాసమిచ్చింది తను. అందులో వేళ గురించి ఒక్క ముక్క చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. మండిపోయింది. ఎవరిమీదో తెలియక తిరుగుబస్సులో టిక్కెట్టు ఆలస్యంగా ఇచ్చినందుకు కండక్టరుతో తగువు వేసుకున్నాడు.

మూడోసారి ఆ అమ్మాయి ఆయన్ని అడక్కుండానే చెల్లెలింటికి పోయింది. ఆయనకి తెలిసి పరుగున వెళ్ళేసరికి ఇద్దరూ గడపలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. ఆయన భార్య కూడా అక్కడే తేలింది.

“రా అన్నయ్యా, నీ గురించే చెబుతున్నా,” అంది చెల్లెలు.

“నా గురించి నేను చెప్పానుగా!”

“నువ్వు చెప్పింది ఆ అమ్మాయి చెప్పింది. ఈల, ఈల, ఈల. పన్నెండు నిమిషాల సంగతి చెప్పనేలేదట?”

నీళ్ళాయన చటుక్కున ఆ అమ్మాయి పెన్ను వైపు చూశాడు. “ఏ పన్నెండు నిమిషాలు?”

“అమాయకుడు పాపం! ఆరూ యాభైకి కట్టాల్సింది ఏడూ రెండుకి గదా కట్టేది. ఆ పన్నెండు నిమిషాల్లోనేగా నా డ్రమ్ము నిండేది. వదినా, నీకు తెలీదూ?”

“నాకెందుకు తెలీదు, రోజూ కాఫీ చల్లారేది దానివల్లేగా,” అంది భార్య.

“నోరు మూసుకోండి ఇద్దరూ!” అని అరిచాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. రిజిస్టరులో నాలుగేళ్ళుగా, అచ్చులాంటి దస్తూరీతో, రోజూ ‘6-50 కట్టబడినది’ అని రాస్తున్నాడు. రోజుకో అబద్ధం. అదిప్పుడు ఒక పరాయిపిల్ల నోటుబుక్కులో పడితే ముప్పై ఒక్క ఏళ్ళ పేరూ కాలవలో కలుస్తుంది.

ఆ అమ్మాయి పెన్ను మూత పెట్టేసింది. “మీరు రాయమంటేనే రాస్తాను బాబాయిగారూ. కానీ రాయకపోతే, మీ సందులో ఎందుకు పనిచేసిందో నేను చెప్పలేను. చెప్పలేకపోతే ఐదు బాగు, ముప్పైఐదు దండగ అని రిపోర్టు పోతుంది. అంతే.”

“రాస్తే నా మెడకి చుట్టుకుంటుంది.”

“అవును.”

ఆ ‘అవును’ ఆయన్ని ఇంకా మండించింది. కనీసం ఏమీ కాదులెండి అన్నా బాగుండేది. చిక్కుడు తొక్కల్ని కాలితో తన్ని బయటికి నడిచాడు. వెనక నుంచి చెల్లెలి గొంతు వినబడింది. “మా అన్నయ్యంతేలేమ్మా. చిన్నప్పుడు బళ్ళో పలక పగలగొట్టి, దానంతటదే పగిలిందన్నాడు. మూణ్ణాళ్ళు అన్నం తినలేదు. నాలుగోనాడు తనే వెళ్ళి మాస్టారికి చెప్పుకున్నాడు.”

ఆ వారమే ఇంజినీరు గదిలో సమావేశం జరిగింది. బల్ల మీద గాజుపలక, దానికింద ఎవరెవరివో విజిటింగ్ కార్డులు. ఫ్యాను గాలికి కాగితాలు లేచిపోతుంటే ఇంజినీరు ఒక చేత్తో వాటిని అదిమిపెట్టి, రెండో చేత్తో ఆ అమ్మాయి రిపోర్టు చివరిపేజీ వెతుకుతున్నాడు.

“అమ్మా, ఇన్ని పేజీలు నేనెప్పుడు చదవను? పైనుంచి వచ్చిన ఫారంలో ఒకటే గడి ఉంది. ‘పథకం పనిచేస్తున్నదా?’ అవును, కాదు. ఏదో ఒకటి చెప్పు, టిక్కు కొడతాను.”

“ఐదుచోట్ల చేసింది సార్. తొమ్మిదిచోట్ల చెడగొట్టింది. వేళ నమ్మకం ఉన్నచోట ఈల పనికొచ్చింది. లేనిచోట—”

“నమ్మకానికి గడి లేదమ్మా ఇందులో. సరే, ఈయన సందులో అంత బాగా ఎందుకు చేసింది? అదైనా ఒక్క ముక్కలో చెప్పు.”

ఆ అమ్మాయి మాట్లాడలేదు. గోడవైపు చూస్తూ కూర్చుంది. ఇంజినీరు పెన్ను తీసి ‘కాదు’ అన్న గడి మీదికి దించాడు.

“సార్,” అన్నాడు నీళ్ళాయన. లేచి నిలబడ్డాడు. “వాల్వు ఆరూ యాభైకి కట్టడం లేదు సార్. ఏడూ రెండుకి కడుతున్నాను. నాలుగేళ్ళబట్టీ.”

“రిజిస్టరులో?”

“అబద్ధం రాశాను.”

ఇంజినీరు పెన్ను ఆగింది. “పన్నెండు నిమిషాల నీళ్ళంటే మాటలా? ఎక్కణ్ణుంచి తెచ్చావయ్యా?”

“తమ క్వార్టర్స్ లైను సార్. అది పన్నెండు నిమిషాలు ఆలస్యంగా విప్పుతున్నాను.”

మూల కూర్చున్న గుమాస్తా దగ్గు తెచ్చుకుని మొహం తిప్పుకున్నాడు.

“మా ఇంట్లో ఎప్పుడూ నీళ్ళు తగ్గలేదే!”

“తమ మేడ మీద రెండు ట్యాంకులున్నాయి సార్. పన్నెండు నిమిషాలు తగ్గితే పొర్లేది తగ్గుతుంది, అంతే.”

ఇంజినీరుకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. నీళ్ళాయన ఇంక ఆగలేదు. చివర తన చెల్లెలుందన్నాడు. దానికి అందకపోతే పొద్దున్నే తన గుమ్మంలోకే వస్తుంది కాబట్టి వేళ తప్పే వీలు తనకి లేదన్నాడు. చివరింటికి అందుతోందని తెలిశాక మెరకవాళ్ళు బిందెలతో పల్లానికి దిగడం మానేశారన్నాడు. వాళ్ళు దిగకపోయేసరికి పల్లంవాళ్ళకి తొందర తగ్గిందన్నాడు. “బక్కాయన తప్పేం లేదు సార్. వాడికి వేళ మీరివ్వలేదు. నాకు నేను దొంగిలించుకున్నాను.”

చివరికి ఇంజినీరు ‘అవును’కీ ‘కాదు’కీ టిక్కు కొట్టలేదు. రెండిటి మధ్యనా ‘జతపరచిన కాగితాలు చూడుము’ అని రాసి విసుగ్గా సంతకం గీశాడు. తొమ్మిది వీధుల్లో ఈలలు వెనక్కి తీసుకుంటారు. పొడుగు సందుకి వేళ ఆర్నెల్లపాటు ఉంటుంది, తర్వాత చూస్తారు. అయితే పన్నెండు నిమిషాలు ఆ రోజుతో బందు. పక్కన వాచీతో ఒక ఇన్‌స్పెక్టరు నిలబడతాడు. నీళ్ళాయన చేతిలో మెమో పెట్టారు. తప్పుడు రాతలకి కారణం వారంలోగా సంజాయిషీ రాసివ్వాలి.

మెట్లు దిగుతూ ఆయన ఆ అమ్మాయి మీద విరుచుకుపడ్డాడు. “చాలా? సంతోషమేనా? పన్నెండు నిమిషాలూ పోయాయి. ఉన్న కారణం కాస్తా మీ ఇంజినీరు మింగేశాడు. ఇక వేళ ఉండి ఏం లాభం?”

“పన్నెండు నిమిషాలే కారణమని నేను రాయలేదు బాబాయిగారూ.”

“మరేం రాశావు?”

“మీరు లేచి చెప్పాక చివరిపేజీలో చేర్చాను, అది మీరనుకుంటున్న కారణం అని. సందులోవాళ్ళు ఏమనుకుంటున్నారో నాకింకా పూర్తిగా తెలీదు. నన్ను పిలిపించుకున్న గడువు అయిపోయింది.”

ఉద్యోగం మీదికి తెచ్చుకుని చెప్పిన నిజాన్ని కూడా ‘అనుకుంటున్నారు’ కింద జమకట్టింది! ఆయన బదులు చెప్పకుండా బస్సెక్కేశాడు. ఆ అమ్మాయిని మళ్ళీ చూడలేదు.

మర్నాడు పొద్దున ఆరూ యాభైకి ఇన్‌స్పెక్టరు వాచీ చూపించాడు. నీళ్ళాయన వాల్వు కట్టేశాడు. కడుతుంటే తాళం చేతిలో బరువెక్కింది. క్వార్టర్స్ లైను విప్పి, మెరకమీదికి ఎక్కాడు. దారంతా చెల్లెలి తిట్లని ముందుగానే వింటూ నడిచాడు. చెల్లెలు గడపలో నిలబడి ఉంది. వెనక డ్రమ్ము ముప్పాతిక నిండి ఉంది.

“ఇదేమిటి?” అన్నాడు.

“నీళ్ళు.”

“ఎలా వచ్చాయి? నేను కట్టేశానుగా!”

“ఇవాళ తొందరగా ఎక్కాయి. ధార కూడా బాగానే ఉంది.”

“ఎందుకు ఎక్కాయి?”

“వస్తే పట్టుకున్నాను గాని, ఎందుకొచ్చారని నీళ్ళని నిలబెట్టి అడుగుతారా ఎవరైనా? నీకూ ఆ పిల్ల జబ్బు అంటుకుందే!”

రెండోరోజూ వచ్చాయి, మూడోరోజూ వచ్చాయి. ఆయనకి సంతోషం కలగాలి. కలిగింది కూడా. కానీ దాని వెనకే ఏదో గుచ్చుకుంది. నాలుగేళ్ళు తను దొంగిలించి, అబద్ధం రాసి, మెమో తెచ్చుకున్న ఆ పన్నెండు నిమిషాలూ మరెందుకు? పల్లంలో ఎవరో ముందే కుళాయిలు కట్టేస్తున్నారు. లేకపోతే అంత ధార రాదు. ఉండబట్టలేక నాలుగోనాడు మొదటింటి తలుపు తట్టాడు. అది పాత బస్సు డ్రైవరుది.

“ఏమయ్యా, ఈమధ్య కుళాయి ముందే కట్టేస్తున్నావా?”

“అవును. రేడియోలో వార్తలు మొదలవగానే.”

“నా రెండో ఈలకి కాదూ?”

“నీ ఈలకి మా కుక్క అరుస్తుంది. దాని అరుపులో నాకేం వినబడుతుంది?”

టైలరు మిషను ఆపకుండానే చెప్పాడు. “చాలా ఏళ్ళ కిందట మీ చెల్లెలు ఖాళీ బిందె నా గుమ్మం ముందు పెట్టి, నోరెత్తకుండా గంటసేపు కూర్చుంది. తిట్టినా బాగుండేది. మళ్ళీ అలా కూర్చోనివ్వకూడదని అప్పుడే అనుకున్నాను.”

“మరి ఇన్నాళ్ళూ రెండో ఈలకి నిమిషం ముందే కట్టేవాడివిగా? ఇప్పుడెందుకు ఆరూ ఇరవైకే?”

“మీకు మెమో వచ్చిందన్నారుగా. ఆ పన్నెండు నిమిషాలూ ఎక్కణ్ణుంచో ఒకచోటి నుంచి రావాలిగదా అని.”

కవలపిల్లల తల్లి సిగ్గుపడింది. “ఆ అమ్మాయి వచ్చి, మీరు పట్టుకున్నాక చివరింటికి నీళ్ళు ఎంతసేపటికి చేరతాయని అడిగిందండీ. నాకు తెలీదన్నాను. తెలీదని చెప్పడానికి నాకే ఎలాగో అనిపించింది.” పక్కింటాయన భుజాలెగరేశాడు. “ఏమో. అందరూ కడుతున్నారు, నేనూ కడుతున్నా.”

ఒక్కొక్కరిదీ ఒక్కో కారణం. ఏ ఒక్కదానిలోనూ తన ఈల నిలబడలేదు, తన పన్నెండు నిమిషాలూ పూర్తిగా నిలబడలేదు. ఇంటికొచ్చి ముప్పై ఒక్క ఏళ్ళ దస్తూరీ అంతా కుమ్మరించి సంజాయిషీ రాశాడు. మొదటి పేరాలో తన నౌకరీ, వరద, ప్రశంసాపత్రం. రెండో పేరాలో, పన్నెండు నిమిషాల అదనపు నీటివల్లనే సందులో క్రమశిక్షణ ఏర్పడినదని, కావున దయచేసి దానిని పునరుద్ధరించవలెనని. వీళ్ళు చెప్పినవాటికి ఎక్కడా చోటు పెట్టలేదు. పెడితే తన తప్పు ఉట్టి తప్పుగానే మిగిలిపోతుంది.

ఇవ్వాల్సిన చివరిరోజు పొద్దున చెల్లెలి కుళాయి ఎండిపోయింది. నీళ్ళు మెరక మీద పదహారో ఇంటిదాకా వచ్చి ఆగిపోయాయి.

“చూశావా! నేను చెప్పలేదూ!” అన్నాడు నీళ్ళాయన. తన కారణం గెలిచిందన్న ఉత్సాహం ఆ గొంతులో ఆయనకే వినబడింది. ఎదురుగా చెల్లెలు ఖాళీ బిందె చంకనెత్తుకుని, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, మెరక దిగడానికి కాలు ముందుకు పెట్టి ఉంది. ఉత్సాహం అక్కడే చచ్చింది. బిందె ఆమె దగ్గర్నుంచి లాక్కున్నాడు.

పల్లంలోకి దిగుతూ ఒక్కో గుమ్మం ముందూ చెవి పెట్టాడు. డ్రైవరుది కట్టేసి ఉంది. టైలరుదీ అంతే. కవలపిల్లల ఇంటి ముందు మాత్రం కాలవ పొర్లుతోంది. తలుపు దబదబా బాదాడు.

“ఏమ్మా, ఇవాళ కట్టలేదేం?”

ఆమె తడిచేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. “అయ్యో! పిల్లలకి జ్వరమండీ, రాత్రంతా నిద్ర లేదు. మా అత్తగారు నిన్ననే వచ్చింది, ఆవిడ పట్టింది నీళ్ళు. ఆవిడకి తెలీదు.”

“ఏం తెలీదు? ఆరూ ఇరవైకి కట్టాలనా?”

“వేళ చెప్పానండీ. చివర మీ చెల్లెలుందని చెప్పలేదు.”

ఆఫీసులో కాగితాలు తీసుకునే కిటికీ పదకొండింటికి మూసేస్తారు. నీళ్ళాయన జేబులోంచి సంజాయిషీ తీశాడు. పెన్ను తీసి రెండో పేరాని ఆ చివరినుంచి ఈ చివరికి ఒక్క గీతతో కొట్టేశాడు. చక్కటి దస్తూరీ మధ్య ఆ గీత వికారంగా కనబడుతోంది. కిందనున్న ఖాళీ ఎంతుందో చూశాడు. నాలుగు వరసలు పడతాయేమో. సరిపోదు.

బిందె గుమ్మంలో దింపి, దాని పక్కనే చతికిలబడ్డాడు.

“ఇంట్లో తెల్లకాగితాలుంటే రెండియ్యమ్మా,” అన్నాడు. “అలాగే మీ అత్తగారిని ఓసారి ఇలా పిలు.”